విప్పి మళ్ళీ అల్లిన టోపీ

పత్తికొండలో మేము బోధించే మద్రసాలో బాలికలకు జొహర్ నమాజు తరువాత ఒక గంటసేపు కుట్టుపని ఉంటుంది. నేర్పేది దూదేకుల ఇంట పుట్టిన ఒక వృద్ధురాలు. ఆమె తండ్రి విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులు కుట్టి సంసారం ఈదినవారు. యంత్రాలు వచ్చాక ఆ విల్లు అటకెక్కింది. సూది మాత్రం ఆ ఇంటి స్త్రీల చేతిలోనే మిగిలింది. పక్కగదిలో మేము ఖుర్ఆన్ పఠనం నేర్పుతాము.

ఒక రంజానుకు ముందు మాట. పన్నెండేళ్ళ బాలిక ఒకతె తండ్రి కోసం క్రోషియాతో తెల్లని టోపీ అల్లసాగింది. తల్లిదండ్రులు సుగ్గికి, గుంటూరు వైపు మిరపకోతకు వెళ్ళారు. పండుగకు వస్తామన్నారు. పిల్ల అవ్వ దగ్గర ఉంది. చేతిలో ఉన్నది ఒక్క దారపు ఉండ. మొదటిసారి అల్లినది కాల్చిన అప్పడంలా అంచులు ముడుచుకుంది. విప్పి మళ్ళీ అల్లితే ఈసారి లోతైన గిన్నెలా తయారైంది. మూడోసారి విప్పుతుండగా మేము చూశాము. దారం పోగులు లేచి నలిగిపోయి ఉంది. "డబ్బు పెట్టి కొన్న వస్తువును ఇలా పాడుచేస్తారా?" అని మందలించాము. మరునాటి నుండి మూడు రోజులు ఆ పిల్ల కుట్టు తరగతికి రాలేదు.

ఆ వృద్ధురాలు మాతో నిష్ఠూరంగానే మాట్లాడారు. "హజ్రత్, మీ తరగతిలో తప్పు అక్కడికక్కడే దిద్దల్ల. అక్షరం మారితే అర్థమే మారిపోతుంది. ఇక్కడ తప్పును కొంతదూరం పోనియ్యల్ల. అప్పుడే కంటికి కనపడేది."

మేము సిగ్గుపడ్డాము. దైవప్రవక్త (స) తన వస్త్రాన్ని తానే కుట్టుకునేవారని, చెప్పులు తానే బాగుచేసుకునేవారని విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) తోళ్ళు శుద్ధిచేసి, కుట్టి, వచ్చిన రాబడిని దానం చేసేవారు. ఇవన్నీ ఏళ్ళ తరబడి బోధించిన మేము ఊడిన గుండీని కూడా ఏనాడూ స్వయంగా కుట్టుకోలేదు. అవ్వ ఇంటికి వెళ్ళి పిల్లను పిలుచుకొని వచ్చాము.

ఆపైన కొన్నాళ్ళు ఆ గది గడప దగ్గర కూర్చుని గమనించాము. మిషను మీద కుట్టు అడుగున దారం ఉండలు కడుతుంటే పిల్లలందరూ బాబిన్‌నే నిందిస్తారు. చాలాసార్లు దోషం పైదారానిది. అది బిగువు బిళ్ళల మధ్య సరిగా కూర్చోకపోతే కింద చిక్కుపడుతుంది. ఒక పిల్ల కొత్త నూలుగుడ్డను నానబెట్టకుండానే కత్తిరించి తమ్ముడికి కుర్తా కుట్టింది. మొదటి ఉతుకుకే అది కుంచించుకుపోయింది. మియానీ వేయకుండా పైజామా కుట్టిన పిల్ల సంగతి ఇంకా విచిత్రం. నిలబడి చూస్తే పైజామా చక్కగానే ఉంది. రుకూలోకి వంగితే గాని అది పిగిలిందని వాళ్ళన్నకు తెలియలేదు. ఆ ఇంట్లో ఇక మియానీ ఎవరూ మరువరు.

క్రోషియా టోపీలో దాగి ఉన్నది లెక్క. పొడుగు కుట్లతో మొదటి వరుసలో 12 వేస్తే, రెండో వరుసలో ప్రతి కుట్టులోనూ రెండేసి వేసి 24 చేయాలి. మూడో వరుసకు 36, నాలుగో వరుసకు 48. వరుసకు 12 చొప్పున పెరిగితే వృత్తం చదునుగా ఉంటుంది. ఎక్కువ పెంచితే అంచు ముడుచుకుంటుంది, తక్కువైతే గిన్నె అవుతుంది. ఇది ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. పాడైన రెండు టోపీల వరుసలను గుర్తుచేసుకుని, పలక మీద గీసుకుని తానే పట్టుకుంది. చెప్పగలిగీ ఆ వృద్ధురాలు నోరు మెదపలేదు. ఆ ఓర్పు మాకు లేదు, ఒప్పుకుంటాము.

పెంచడం ఎక్కడ ఆపాలి? తండ్రి పాత టోపీ చుట్టూ దారం పెట్టి కొలిస్తే 22 అంగుళాలు వచ్చింది. బడిలో చెప్పిన 22/7 గుర్తుకొచ్చి, వృత్తం 7 అంగుళాలకు చేరగానే పెంచడం ఆపి, అక్కడి నుండి నేరుగా కిందికి అల్లింది. ఆ సాయంత్రం దాన్ని మాకు చూపించినప్పుడు దారం ఎంత నలిగిందో మేము అడగలేదు.

పండుగకు రెండు రోజుల ముందు తల్లిదండ్రులు వచ్చారు. టోపీ వేలెడు వదులైంది. అల్లిక సాగుతుందని, అందుకు అర అంగుళం తగ్గించాలని పిల్లకు అప్పుడు తెలిసింది. రాత్రికే విప్పి మళ్ళీ అల్లుతానంది. తండ్రి ఇవ్వలేదు. ఈద్‌గాహ్‌లో నమాజుకు వంగినప్పుడల్లా ఆయన ఒక చేత్తో టోపీని అదుముకోవడం వెనుక వరుసలో ఉన్న మేము చూశాము.