మాట ఉచితం... డబ్బా ఖరీదు!

ఫోన్ తెరిస్తే చాలు. '21 రోజుల్లో షుగర్ మాయం', 'ఈ గింజలు నానబెట్టి తాగితే బీపీ మాత్రతో పనే లేదు', 'డాక్టర్లు మీకు చెప్పని రహస్యం'... ఒకదాని వెనక ఒకటి వీడియోలు వస్తూనే ఉంటాయి. చెప్పేవారు చిరునవ్వుతో, మన ఇంట్లో మనిషిలా మాట్లాడతారు. నమ్మాలనిపించడం సహజం. అయితే నమ్మేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ మాట చెప్పినందుకు వాళ్లకు డబ్బు ఎటు నుంచి వస్తోంది?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో ప్రభుత్వాసుపత్రి ఓపీలకు వచ్చేవారి సంచుల్లో ఇప్పుడు మందుల చీటీతో పాటు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న పొడి డబ్బాలూ కనిపిస్తున్నాయి. పత్తి, మిర్చి అమ్మిన డబ్బులోంచి, సింగరేణి జీతంలోంచి వాటికి వేల రూపాయలు పోతున్నాయి. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. డబ్బాను నమ్మి మాత్ర మానేస్తే పోయేది తిరిగి రాకపోవచ్చు.

వాళ్ల ఆదాయం ఇలా...

వీడియో చూసినందుకు మీరు పైసా ఇవ్వరు. కానీ మీరు చూసిన ప్రతి నిమిషానికీ ఒక ధర ఉంటుంది. మొదటి రాబడి వీడియో మధ్యలో వచ్చే ప్రకటనలది. 'రోజూ అరగంట నడవండి' అంటే ఎవరు చూస్తారు? భయపెట్టే, ఆశపెట్టే శీర్షికకే జనం వస్తారు. రెండోది కింద ఇచ్చే లింకు, డిస్కౌంట్ కోడ్. దాంతో మీరు కొన్న ప్రతి వస్తువు మీదా వాళ్లకు కమీషన్ అందుతుంది. మూడోది సొంత బ్రాండు పొడులు, నూనెలు, కషాయాలు. నాలుగోది చవకైన ఆన్‌లైన్ క్లాసు. అది గడప మాత్రమే. అక్కడి నుంచి వాట్సప్ గ్రూపు, ఆ తర్వాత వేల రూపాయల 'ప్యాకేజీ'.

ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో ఒక అధ్యయనం ప్రచురించారు. శరీరమంతా ఎంఆర్ఐ తీయించుకోవడం, పేగుల్లోని సూక్ష్మజీవుల పరీక్ష లాంటి 5 రకాల వైద్య పరీక్షల గురించి ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్‌లలో వచ్చిన 982 పోస్టులను వారు పరిశీలించారు. 87 శాతం పోస్టులు లాభాలు చెప్పాయి. నష్టాలను ప్రస్తావించినవి 15 శాతం లోపే. శాస్త్రీయ ఆధారం చూపినవి 6 శాతం. ఆ ఖాతాల్లో 68 శాతానికి ఆర్థిక ప్రయోజనం ముడిపడి ఉంది.

మరి తగ్గిందంటున్నారు కదా?

'పక్కింటాయనకు నయమైందట' అనే మాట కొట్టిపారేయదగ్గది కాదు. కానీ ఎందుకు నయమైందో చూడాలి. కిడ్నీలో 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతట అవే మూత్రంలో పడిపోతాయి. ఆ సమయంలో అరటిదూట రసం తాగి ఉంటే పేరు రసానికి వస్తుంది. హెపటైటిస్-ఏ వల్ల వచ్చిన కామెర్లు కొన్ని వారాల్లో సాధారణంగా వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరుమందుకు వస్తుంది. పొడి వాడుతూనే అన్నం తగ్గించి, స్వీట్లు మానేసి, నడక మొదలుపెడితే షుగర్ దిగుతుంది. పేరు మాత్రం డబ్బాకు పోతుంది.

మరో చిన్న లెక్క. షుగర్ అదుపును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష గడచిన రెండు, మూడు నెలల సగటును చెబుతుంది. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కావడమే అందుకు కారణం. కాబట్టి 21 రోజుల్లో షుగర్ మాయమైందని ఈ పరీక్షతో తేల్చడం కుదరదు. ఒక పూట గ్లూకోమీటర్ అంకె చూపించి గెలిచామంటే అది రుజువు కాదు.

ఇందులో కొంత నిజమూ ఉంది. అదే వాళ్ల పెట్టుబడి. బ్రిటన్‌లో జరిగిన 'డైరెక్ట్' అధ్యయనంలో (2017) షుగర్ వచ్చి ఆరేళ్ల లోపైన, ఇన్సులిన్ వాడని, అధిక బరువున్న వారు బాగా బరువు తగ్గారు. ఏడాది తర్వాత వారిలో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులో ఉంది. కానీ అదంతా వైద్యుల పర్యవేక్షణలో, పరీక్షలు చేస్తూ జరిగింది. ఏ పొడితోనూ కాదు. పైగా ఇది టైప్-2 వారి సంగతి. టైప్-1 షుగర్ ఉన్న పిల్లలకు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

నష్టం చప్పుడు చేయదు

బీపీ మాత్ర మానేసిన మర్నాడు ఏమీ కాదు. అందుకే ధైర్యం వస్తుంది. లోపల మాత్రం రక్తనాళాలు, మూత్రపిండాలు దెబ్బతింటూనే ఉంటాయి. పక్షవాతమో, కాళ్లవాపులో వచ్చాకే తెలుస్తుంది. ఇక 'సహజం కాబట్టి సైడ్ ఎఫెక్ట్ లేదు' అన్న మాట. గన్నేరు కాయ కూడా సహజమే! మూలికల పొడులుగా అమ్మిన కొన్నింటిలో స్టెరాయిడ్లు, అల్లోపతి షుగర్ మందులు కలిసి ఉన్నట్టు పరీక్షల్లో బయటపడిన ఉదంతాలున్నాయి. ఎంత మోతాదు తింటున్నారో తినేవారికే తెలియదు.

ఈ మాటలు ఆయుర్వేదం మీద కోపంతో చెబుతున్నవి కావు. అర్హత ఉన్న ఆయుష్ వైద్యులు మిమ్మల్ని చూసి, పరీక్షించి, మీ వివరాలడిగి మందిస్తారు. లక్షమందికి ఒకే వీడియోలో ఒకే మందు చెప్పడం ఏ వైద్యమూ కాదు. చెప్పేవారు తెల్లకోటు వేసుకున్న ఎంబీబీఎస్ అయినా సరే.

చట్టం ఏమంటోంది?

షుగర్, బీపీ, క్యాన్సర్, పక్షవాతం వంటి జబ్బులను నయం చేస్తామని మందులకు ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది. ఆరోగ్య సలహాలిచ్చే ఇన్‌ఫ్లుయెన్సర్లు తమ అర్హతను వెల్లడించాలని, తమ మాట వైద్య సలహాకు ప్రత్యామ్నాయం కాదని చెప్పాలని 2023 ఆగస్టులో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటన చేస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయొచ్చు.

ఐఎంఏ వేసిన కేసులో పతంజలి సంస్థ ప్రకటనలపై 2024లో సుప్రీంకోర్టు తీవ్రంగా స్పందించింది. రామ్‌దేవ్, బాలకృష్ణ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది, పత్రికల్లోనూ క్షమాపణ ప్రకటనలు వేశారు. ఆ క్షమాపణను అంగీకరించి ఆగస్టులో ధిక్కార కేసును కోర్టు ముగించింది. అదే కేసులో మే 7న, తప్పుడు ప్రకటనలకు వాటిని ప్రచారం చేసే సెలబ్రిటీలు, ఇన్‌ఫ్లుయెన్సర్లూ అంతే బాధ్యులని స్పష్టం చేసింది.

కొనే ముందు ఇవి చూడండి

• చెప్పేవారి చదువేంటి? వైద్యులైతే మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి.
• చివర్లో లింకు, కోడ్, ఫోన్ నంబరు ఇచ్చారా? ఇస్తే అది సలహా కాదు, అమ్మకం.
• డబ్బా మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరుంటే అది ఆహార పదార్థంగా లైసెన్సు పొందిందని అర్థం. మందుగా కాదు. 'ఔషధ వినియోగానికి కాదు' అని చిన్న అక్షరాల్లో ఉందేమో చదవండి, లేదా పిల్లలతో చదివించండి.
• 'అన్ని రోగాలకూ ఒకటే మందు', 'వంద శాతం గ్యారంటీ', 'మాత్రలు ఆపేయండి'... ఈ మూడింట్లో ఒక్కటి వినిపించినా వీడియో మూసేయండి.
• ఇప్పటికే ఏదైనా పొడి వాడుతుంటే దాచకండి. డబ్బాతో సహా డాక్టర్‌కు చూపించండి. తిడతారని భయపడొద్దు. మీ కిడ్నీ, లివర్ పరీక్షలు సరిగ్గా అర్థం కావాలంటే ఆ విషయం తెలియాలి.
• మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

పల్లె దవాఖానాల్లో, పీహెచ్‌సీల్లో బీపీ, షుగర్ చూస్తారు. మందులు ఉచితంగా ఇస్తారు. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. స్పెషలిస్టు కోసం ప్రతిసారీ వరంగల్ దాకా వెళ్లాల్సిన అవసరం తగ్గింది. మాత్ర తగ్గించుకోవాలని ఉంటే ఆ మాటే వచ్చి మాతో అనండి. బరువు తగ్గి, తిండి మారి, రిపోర్టులు బాగుంటే తగ్గించడానికి వైద్యులకు అభ్యంతరం ఉండదు. ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్లను ఒక్క మాట అడగండి: 'బీపీ, షుగర్ మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?' జవాబు చెప్పడానికి తటపటాయిస్తే, మందుల చీటీ, ఆ డబ్బా రెండూ సంచిలో పెట్టుకుని దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకురండి.