సంయుక్త రక్తపోటు ఔషధాల సురక్షిత వినియోగం: ఉత్తర తెలంగాణ నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం:
అధిక రక్తపోటుకు రెండు లేదా మూడు ఔషధాలను ఒకే మాత్రలో కలిపి ఇచ్చే పద్ధతి నేడు సర్వసాధారణమైంది. మాత్రల సంఖ్య తగ్గడం రోగికి సౌకర్యమే. అయితే మాత్రలో ఏయే మందులున్నాయో తెలియనప్పుడు ఆ సౌకర్యమే ప్రమాదానికి దారితీయవచ్చు. తీవ్రమైన ఎండలు, కాయకష్టం, నొప్పి మాత్రల వాడకం, గల్ఫ్ వలస వంటి పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల జీవన పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని ఈ మాత్రల పనితీరును, పాటించవలసిన జాగ్రత్తలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: అధిక రక్తపోటు, సంయుక్త ఔషధం, టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్, నొప్పి మాత్రలు, వడదెబ్బ, మూత్రపిండాలు.

1. ప్రవేశిక:
జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15 ఏళ్లు దాటిన భారతీయుల్లో స్త్రీలలో 21 శాతం, పురుషుల్లో 24 శాతం మంది అధిక రక్తపోటు కలిగినవారు లేదా దానికి మందు వాడుతున్నవారు. తెలంగాణలో ఈ నిష్పత్తి దేశ సగటు కంటె ఎక్కువ. 2017లో మొదలైన భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమాన్ని తొలిదశలో అమలుచేసిన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, పల్లె దవాఖానలలో మందులు ఉచితంగా లభించడం వల్ల ‘బీపీ గోలీ’ అనే మాట ఇంటింటికీ చేరింది. అయితే ఆ గోలీలో ఏమున్నదన్న ప్రశ్న మాత్రం చదువుకున్న కుటుంబాలలో సైతం తరచుగా తలెత్తదు. ఈ వ్యాసానికి ఆ ప్రశ్నే ప్రాతిపదిక.

2. కలయిక వెనుక తర్కం:
రక్తపోటు పెరగడానికి శరీరంలో ఒకే మార్గం లేదు. రక్తనాళాల కండరాలు బిగుసుకోవడం, యాంజియోటెన్సిన్ అనే రసాయనం నాళాలను కుదించడం, ఉప్పు, నీరు శరీరంలో నిలిచిపోవడం ప్రధానమైనవి. ఆమ్లోడిపిన్ మొదటి మార్గాన్ని, టెల్మిసార్టాన్ రెండవ దానిని, క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ వంటి మూత్రవర్ధకాలు మూడవ దానిని నియంత్రిస్తాయి. ఒకే మందు మోతాదును రెట్టింపు చేయడం కంటె వేరొక తరగతి మందును జతచేయడం వల్ల రక్తపోటు సుమారు ఐదు రెట్లు అధికంగా తగ్గుతుందని 42 ప్రయోగాల ఫలితాలను క్రోడీకరించి 2009లో వెలువడిన విశ్లేషణ తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇటువంటి సంయుక్త మాత్రలను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

అయితే కలిపిన ప్రతి మందూ హేతుబద్ధమైనది కాదు. 2016 మార్చిలో కేంద్రప్రభుత్వం 344 సంయుక్త ఔషధాలను నిషేధించింది. అందుకు ఆధారమైన నివేదికను సమర్పించిన సంఘానికి కాకతీయ విశ్వవిద్యాలయ మాజీ ఉపాధ్యక్షులు ఆచార్య చంద్రకాంత్ కోకాటే నేతృత్వం వహించారు. కలయిక మంచిదా, చెడ్డదా అన్నది కాదు అసలు ప్రశ్న. ఏ మందును, ఏ మందుతో, ఏ రోగికి కలిపారన్నదే ప్రధానం. అందుచేతనే ఇవి వైద్యుని చీటీపైన మాత్రమే అమ్మవలసిన షెడ్యూల్-హెచ్ మందులు. పక్కింటివారికి పనిచేసిన మాత్ర మనకూ పనికివస్తుందని భావించడం పొరపాటు.

3. మాత్రను గుర్తించే విధానం:
వ్యాపారనామం చివర ఉండే అక్షరాలు సాధారణంగా రెండవ మందును సూచిస్తాయి. ‘ఏఎం’ అంటే ఆమ్లోడిపిన్, ‘హెచ్’ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, ‘సిటి’ అంటే క్లోర్‌థాలిడోన్. అక్షరాలపైనే ఆధారపడక, అట్టపై చిన్న అక్షరాలలో ఉండే మూలనామాలను, ఎదురుగా ఉన్న మిల్లీగ్రాములను చదవడం శ్రేయస్కరం.

ఈ అవగాహన లేనిచోట జరిగే పొరపాటు రెట్టింపు మోతాదు. ఉదాహరణకు, ప్రభుత్వ దవాఖానలో ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు తీసుకుంటున్న వ్యక్తికి పట్టణంలోని వైద్యుడు టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 కలిసిన మాత్ర రాశాడనుకుందాం. పాత మాత్ర ఆపాలని స్పష్టంగా చెప్పకపోతే రోగి రెండూ వేసుకుంటాడు. అతడి లెక్కలో అవి రెండు గోలీలు. శరీరంలోకి చేరేది మాత్రం 10 మిల్లీగ్రాముల ఆమ్లోడిపిన్. కనుక కొత్త చీటీ చేతికి వచ్చిన ప్రతిసారీ ‘పాతవాటిలో ఏది ఆపాలి?’ అని అడగడం తప్పనిసరి. వెళ్లిన ప్రతిచోటికీ పాత మాత్రల అట్టలను వెంట తీసుకుపోవాలి.

మందుల దుకాణంలో అట్టను కత్తిరించి నాలుగైదు మాత్రలు ఇచ్చినప్పుడు పేరు, గడువుతేదీ ఉన్న భాగం దుకాణంలోనే మిగిలిపోతుంది. వీలైనంతవరకు పూర్తి అట్ట కొనాలి. టెల్మిసార్టాన్ గాలిలోని తేమను త్వరగా పీల్చుకుంటుంది. ముందుగానే మాత్రలను విప్పి డబ్బాలో పోసుకోక, వేసుకునే సమయానికే అట్టనుండి తీయాలి.

4. ఎండ, నొప్పి మాత్ర, మూత్రపిండం:
ఉత్తర తెలంగాణకు సంబంధించినంతవరకు అత్యంత ముఖ్యమైన అంశం ఇది. రామగుండం, ఆదిలాబాద్ ప్రాంతాలలో మే నెల ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌ను తాకడం కొత్త కాదు. సింగరేణి ఉపరితల గనుల కార్మికులు, ఉపాధిహామీ కూలీలు, పత్తిచేలలో పనిచేసేవారు చెమట రూపంలో నీటిని, లవణాలను విపరీతంగా కోల్పోతారు. గంటల తరబడి వంగి కూర్చునే బీడీ కార్మికులకు, సిరిసిల్ల మరమగ్గాల వద్ద నిలబడే నేతకార్మికులకు నడుమునొప్పి, కీళ్లనొప్పి నిత్యానుభవాలు. నొప్పికి డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు చీటీ లేకుండానే చేతికి అందుతున్నాయి.

మూత్రపిండంలోని వడపోతను చెరువుతో పోల్చి అర్థం చేసుకోవచ్చు. వడపోత సాగాలంటే చెరువులో తగినంత నీటిమట్టం ఉండాలి. మూత్రవర్ధకం, చెమట కలిసి చెరువుకు వచ్చే నీటిని తగ్గిస్తాయి. నొప్పి మాత్ర నీరు వచ్చే కాలువను ఇరుకు చేస్తుంది. టెల్మిసార్టాన్ నీరు బయటికి పోయే తూమును వెడల్పు చేస్తుంది. ఈ మూడింటిలో ఏదో ఒకటి అయితే ఆరోగ్యవంతమైన మూత్రపిండం సర్దుకోగలదు. మూడూ ఒకేసారి కలిస్తే నీటిమట్టం పడిపోయి, వడపోత ఆగిపోయే ప్రమాదం ఉంది. వృద్ధులలో, మధుమేహం ఉన్నవారిలో ఈ ముప్పు మరింత అధికం. అంతేకాక నొప్పి మాత్రలు స్వతహాగా రక్తపోటును పెంచుతాయి. ఫలితంగా మందు పనిచేయడం లేదని పొరబడి మోతాదు పెంచే పరిస్థితి ఏర్పడుతుంది.

దీని నుండి మూడు నియమాలు ఏర్పడతాయి. మొదటిది, నొప్పికి ఏ మందు తీసుకున్నా రక్తపోటు మాత్ర సంగతి ముందే చెప్పాలి. సాధారణ నొప్పికి తగిన మోతాదులో పారాసిటమాల్ చాలామందికి సురక్షితమైన ప్రత్యామ్నాయం. రెండవది, వాంతులు, విరేచనాలు, వడదెబ్బ వంటివి కలిగి నీరు నిలవనప్పుడు, మూత్రం బాగా తగ్గినప్పుడు అదేరోజు వైద్యుని సంప్రదించాలి. టెల్మిసార్టాన్‌ను, మూత్రవర్ధకాన్ని తాత్కాలికంగా ఆపవలసి రావచ్చు. మూడవది, మందు మొదలుపెట్టిన, మోతాదు మార్చిన కొన్ని వారాలలో, తరువాత వైద్యుడు చెప్పిన వ్యవధిలో క్రియాటినిన్, సోడియం, పొటాషియం పరీక్షలు చేయించుకోవాలి. టెల్మిసార్టాన్ పొటాషియంను పెంచగలదు. ఆరోగ్యం కోసమని కొనే ‘తక్కువ సోడియం’ ఉప్పులో ఉండేది పొటాషియమే. అందువల్ల మూత్రపిండ సమస్య ఉన్నవారు వైద్యుని అడగకుండా ఆ ఉప్పు వాడరాదు.

5. దుష్ఫలితాలు, పొరపాటు అర్థాలు:
ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చీలమండల వద్ద వాపు వస్తుంది. దానిని ‘కిడ్నీ చెడిపోయింది’ అని భావించి మాత్ర మానేయడం ఒక పొరపాటు. వాపు తగ్గడానికి మరొక మూత్రవర్ధకం వాడటం మరొకటి. మోతాదు తగ్గించడం లేదా మందు మార్చడం వల్ల వాపు సాధారణంగా తగ్గుతుంది. అయితే గుండె, మూత్రపిండాల కారణంగానూ వాపు రావచ్చు గనుక కారణాన్ని వైద్యుడే నిర్ణయించాలి. మూత్రవర్ధకాలు యూరిక్ ఆమ్లాన్ని, కొంతమేరకు రక్తంలో చక్కెరను పెంచవచ్చు. వృద్ధులలో సోడియం తగ్గి మగత, తికమక కలిగితే దానిని వయసు ప్రభావంగా కొట్టివేయరాదు. పెదవులు, నాలుక, ముఖం ఉబ్బితే వెంటనే ఆసుపత్రికి చేరాలి.

టెల్మిసార్టాన్ తరగతి మందులు గర్భస్థ శిశువుకు హానికరం. గర్భం ధరించాలనుకునే స్త్రీలు ముందుగానే మందు మార్పించుకోవాలి. గర్భం వచ్చినట్లు తెలిసిన వెంటనే వైద్యుని కలవాలి.

6. నిత్య వినియోగం:
రక్తపోటు సాధారణ స్థాయికి రావడమంటే వ్యాధి నయమైందని కాదు. మందు పనిచేస్తున్నదని అర్థం. తలనొప్పి లేదని మాత్ర మానడం తగదు, ఎందుకంటే అధిక రక్తపోటుకు చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు. ప్రత్యేకించి అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మందులున్న మాత్రను హఠాత్తుగా ఆపితే గుండెపై తీవ్రప్రభావం పడవచ్చు.

మాత్రను ఉదయం వేసుకోవాలా, రాత్రి వేసుకోవాలా అన్న సందేహం చాలామందికి ఉంది. బ్రిటన్‌లో 21 వేలకు పైగా రోగులపై జరిగి 2022లో ప్రచురితమైన ప్రయోగంలో ఈ రెండింటి మధ్య గుండెపోటు, పక్షవాతాల విషయంలో తేడా కనిపించలేదు. కనుక మరచిపోని వేళనే ఎంచుకోవచ్చు. మూత్రవర్ధకం ఉన్న మాత్రను మాత్రం ఉదయం వేసుకుంటే రాత్రి నిద్రకు భంగం కలగదు. ఒకరోజు మరచిపోతే మరునాడు రెండు వేసుకోరాదు.

7. వలస, భాష:
జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుండి గల్ఫ్‌కు వెళ్లినవారికి అక్కడ అదే పేరుతో మాత్ర దొరకకపోవచ్చు. వ్యాపారనామం దేశం దాటితే మారుతుంది. మూలనామం, మిల్లీగ్రాములు మారవు. వాటిని కాగితంపై రాసి, చీటీతోపాటు వెంట ఉంచుకోవడం అవసరం.

మందుల అట్టలపై సమాచారం ప్రధానంగా ఇంగ్లీషులో ఉండటం వల్ల మాత్రను రంగునుబట్టి, ఆకారాన్నిబట్టి గుర్తుపెట్టుకునే అలవాటు ఏర్పడింది. తయారీ సంస్థ మారితే రంగు మారుతుంది, గుర్తు చెరిగిపోతుంది. ఉట్నూరు, జైనూరు ప్రాంతాలలో గోండి, కొలామి మాతృభాషలుగా గలవారికి తెలుగులో చెప్పిన సూచన సైతం పరభాషా సూచనే. వైద్య సమాచారాన్ని జనభాషలలోకి తేవడం భాషాపరిశోధకులు చేపట్టదగిన పని.

8. ముగింపు:
సంయుక్త మాత్ర హేతుబద్ధమైన, ప్రయోజనకరమైన చికిత్స. దాని భద్రత మాత్రలోనే లేదు. వాడేవారి అవగాహనలోనూ ఉంది.

• మాత్రలోని ప్రతి మందు మూలనామం, మోతాదు తెలిసి ఉండాలి.
• కొత్త మాత్ర వచ్చినప్పుడు ఏ పాత మాత్ర ఆపాలో అడగాలి.
• వేసవిలో, వాంతి విరేచనాల సమయంలో, నొప్పి మాత్రల విషయంలో ప్రత్యేక జాగ్రత్త వహించాలి.
• వైద్యుని సలహా లేకుండా మాత్రను మానరాదు, మార్చరాదు.

కళాశాలలో ఒక అధ్యాపకుడు తన తల్లిదండ్రుల మాత్రల అట్టలను ఒకసారి చదివి, మూలనామాలను తెలుగులో రాసిపెట్టినా ఆ ఇంట్లో రెట్టింపు మోతాదు వంటి పొరపాట్లను చాలావరకు నివారించవచ్చు.