ఒంటరి చదువు, కలిసి చదువు – రెండు విశ్వవిద్యాలయాల అనుభవం



కిందటి సంవత్సరం స్కాలర్‌షిప్ రెన్యువల్ దరఖాస్తులు సరిచూస్తుంటే ఒకటి తక్కువ వచ్చింది. పదవ తరగతిలోనూ, ఆ పై రెండేళ్ళలోనూ మంచి మార్కులు తెచ్చుకొని ఇంజనీరింగులో చేరిన ఒక అబ్బాయి అసలు దరఖాస్తే పెట్టలేదు. ఫోను చేస్తే తండ్రిగారు మాట్లాడారు. ఆయన టైలరు. "వాడికి లెక్కలు రావటం లేదండి. రెండు పేపర్లు పోయాయి. మీకు మొహం చూపించలేక ఊరుకున్నాం. ఆ డబ్బు ఇంకొకరి బిడ్డకివ్వండి" అన్నారు.

తప్పిన సబ్జెక్టులుంటే రెన్యువల్ చేయరాదని మన నియమం. నేను ముప్పై ఎనిమిదేళ్ళు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. నియమం అంటే నాకు గౌరవం. ఆ పేరు కొట్టివేయటానికి కలం తీశాను కూడా. పక్కన కూర్చున్న కమిటీ సభ్యులు, రిటైరైన లెక్చరర్‌గారు, ఆపారు. "ఆ కుర్రవాడు ఎవరితో కలిసి చదువుతున్నాడో అడిగారా?" అన్నారు. అదేం ప్రశ్న అనుకున్నాను. ఆ సాయంత్రం ఆయన చెప్పిన సంగతులు విని, తరువాత నేనూ కొంత చదివాను. మన పిల్లలకూ పెద్దలకూ పనికివస్తుందని ఇక్కడ వ్రాస్తున్నాను.

బర్క్‌లీలో జరిగింది

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం చాలా పేరున్నది. 1970ల మధ్యలో అక్కడ యూరీ ట్రైస్‌మన్ అనే గణిత పరిశోధక విద్యార్థి ఉండేవారు. తరగతులకు సహాయపడే యువ బోధకులకు శిక్షణ ఇవ్వటం ఆయన పని. మొదటి సంవత్సరం కాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా తప్పుతున్నారని ఆయన గమనించారు. అంతకు ముందు పదేళ్ళలో ఆ మొదటి పేపరు పూర్తిచేసిన నల్లజాతి విద్యార్థులలో నూటికి 60 మందికి వచ్చినవి డి, ఎఫ్ గ్రేడులే. అంటే అట్టడుగు మార్కులు. అదే తరగతిలో చైనా సంతతి విద్యార్థులు చక్కగా గట్టెక్కుతున్నారు.

ఎందుకిలా అని ఆయన అధ్యాపకులను అడిగారు. నాలుగు రకాల జవాబులు వచ్చాయి. వాళ్ళకు పట్టుదల తక్కువ. హైస్కూలులో పునాది సరిగా పడలేదు. ఇంట్లో చదువుకు ప్రోత్సాహం లేదు. పేదరికం. ఈ నాలుగూ మనం కూడా రోజూ అనే మాటలే. ఎవరైనా తప్పితే వెంటనే ఇందులో ఒకటి అనేసి ఊరుకుంటాం.

ట్రైస్‌మన్ ఊరుకోలేదు. ఇరవై మంది నల్లజాతి విద్యార్థులను, ఇరవై మంది చైనా సంతతి విద్యార్థులను తీసుకొని సుమారు ఏడాదిన్నర పాటు వాళ్ళు ఎలా చదువుతున్నారో దగ్గరుండి చూశారు. హాస్టలు గదులకు వెళ్ళారు, ఇళ్ళకు వెళ్ళారు. చూస్తే ఆ నాలుగు జవాబులూ నిలవలేదు. తప్పుతున్న పిల్లలు తమ పాఠశాలల్లో ముందు వరుసలో నిలిచినవాళ్ళే. తల్లిదండ్రులు ఎంతో ఆశతో పంపినవాళ్ళే. సోమరులు కారు.

మరి తేడా ఎక్కడుంది? చదివే పద్ధతిలో ఉంది. తరగతిలో ఒక గంట పాఠానికి బయట రెండు గంటలు చదవాలని అధ్యాపకులు చెప్పేవారు. నల్లజాతి విద్యార్థులు ఆ మాట తుచ తప్పకుండా పాటించారు. వారానికి ఎనిమిది గంటలు కూర్చున్నారు. కాని ఒంటరిగా కూర్చున్నారు. ఇరవై మందిలో పద్ధెనిమిది మంది తోటి విద్యార్థులతో కలిసి చదవనే లేదు. చదువు వేరు, స్నేహం వేరు అని గిరి గీసుకున్నారు. చైనా సంతతి పిల్లలు కూడా మొదట ఒంటరిగా ఎనిమిది పది గంటలు చదివేవారు. ఆ తరువాత అందరూ ఒకచోట చేరి, కలిసి భోజనం చేసి, మరో నాలుగైదు గంటలు కూర్చునేవారు. జవాబులు సరిపోల్చుకునేవారు. ఒకరి ఇంగ్లీషు ఒకరు దిద్దుకునేవారు. పాత ప్రశ్నపత్రాలు చేసేవారు. ఏదైనా లెక్క ఎవరికీ రాకపోతే అది కష్టమైన లెక్క అని అందరికీ తెలిసేది. ఒంటరిగా చదివేవాడికి అదే లెక్క రాకపోతే, నాకు చదువు రాదు అనుకునేవాడు.

ఈ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

వెనుకబడినవారి తరగతి కాదు

1978 నుండి ట్రైస్‌మన్ ఒక వర్క్‌షాపు నడిపారు. ఇక్కడ ఆయన తెలివి గమనించాలి. వెనుకబడినవారికి ప్రత్యేక తరగతి అని పేరు పెట్టలేదు. అలాంటి తరగతులు అంతకు ముందే ఉన్నాయి, ఎవరూ వెళ్ళేవారు కాదు. తన ఊళ్ళో మొదటివాడుగా నిలిచిన కుర్రవాణ్ణి రిమెడియల్ తరగతికి రమ్మంటే ఎలా వస్తాడు? అందుకని, ఇది బాగా చదవాలనుకునే వారికోసం, కష్టమైన లెక్కలు చేసేవారికోసం అని పిలిచారు. వారానికి రెండుసార్లు రెండేసి గంటలు. పరీక్షలో వచ్చేవాటికన్నా కష్టమైన లెక్కలు ఇచ్చి చిన్న చిన్న జట్లుగా కూర్చోబెట్టారు. బోధకుడు జవాబు చెప్పడు, తిరుగుతూ చూస్తాడు, అవసరమైనచోట ఒక ప్రశ్న వేస్తాడు. నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా ఉన్నా, ఇతరులూ ఉన్నారు. వర్క్‌షాపుకు వచ్చినవారి ఫలితాలు రానివారికన్నా స్పష్టంగా మెరుగుపడ్డాయి. తరువాత ఈ పద్ధతిని అమెరికాలో అనేక కళాశాలలు తీసుకున్నాయి. ట్రైస్‌మన్ టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్ విశ్వవిద్యాలయానికి ఆచార్యులుగా వెళ్ళారు.

ఆస్టిన్‌లో ఐదువందల మంది తరగతి

అదే ఆస్టిన్‌లో డేవిడ్ లాడ్ అనే రసాయనశాస్త్ర ఆచార్యులున్నారు. మొదటి సంవత్సరం కెమిస్ట్రీ ఐదువందల మందికి ఒకేసారి చెప్పేవారు. ప్రతి ఏడూ మార్కుల పట్టిక చూస్తే ఒక గుంపు పైన, ఒక గుంపు బాగా క్రింద, మధ్యలో పలచగా ఉండేది. క్రింద ఉన్నవారి వివరాలు చూస్తే ఎక్కువమంది తక్కువ ఆదాయం గల ఇళ్ళ నుండి, తల్లిదండ్రులు పెద్దగా చదువుకోని ఇళ్ళ నుండి వచ్చినవారు.

1999లో ఆయన అలాంటి యాభై మందిని ఎంచుకొని వేరే చిన్న తరగతి పెట్టారు. ప్రవేశ పరీక్షలో వీరి సగటు పెద్ద తరగతి వారికన్నా సుమారు 200 మార్కులు తక్కువ. కాని ఆయన సిలబస్ తగ్గించలేదు. అదే పాఠం, అదే పరీక్ష, అదే కఠినమైన దిద్దుబాటు. అదనంగా ఇచ్చినవి: వారానికి రెండు గంటల బోధన, సలహా చెప్పే మనిషి, సీనియర్ విద్యార్థుల తోడు, మీరు ఎంపికైనవారు అనే మాట. చివరికి ఆ యాభై మంది పెద్ద తరగతితో సమానమైన గ్రేడులు తెచ్చుకున్నారు.

తరువాత విశ్వవిద్యాలయం ఆయనకు అందరి చదువు బాధ్యత అప్పగించింది. 2012 నాటికి అక్కడ చేరినవారిలో సుమారు సగం మందే నాలుగేళ్ళలో పట్టా తీసుకునేవారు. ఇలాంటి ప్రయత్నాలను విస్తరించిన తరువాత, 2018 నాటికి అది 70 శాతానికి చేరువైంది.

ఒక సంగతి చెప్పకపోతే లెక్క పూర్తి కాదు. సమానత్వం, కలుపుగోలుతనం పేరిట నడిచే విశ్వవిద్యాలయ కార్యాలయాలపై అమెరికాలో పెద్ద వాదం జరిగింది. టెక్సాస్‌లో 2023లో చేసిన చట్టం ప్రకారం 2024 జనవరి 1 నుండి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో అలాంటి కార్యాలయాలు మూయవలసి వచ్చింది. ఆ వాదంలో తీర్పు చెప్పేంతటివాణ్ణి నేను కాను. బోర్డులు మారవచ్చు. కాని ఒక అధ్యాపకుడు తన మార్కుల పట్టిక తీసి, తప్పినవాళ్ళు ఎవరు, ఎందుకు తప్పారు అని చూసుకోవటానికి ఏ బోర్డూ అక్కరలేదు.

మన పిల్లల సంగతి

మన కుటుంబాలు తరాలుగా రాష్ట్రం బయట స్థిరపడ్డవి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియానో, కన్నడమో, తమిళమో, మరాఠీయో. కళాశాలలో ఇంగ్లీషు. మూడు భాషల మధ్య పిల్లవాడు మొదటి సెమిస్టర్‌లో నోరు తెరవడు. తప్పు మాట్లాడితే నవ్వుతారని వెనుక బెంచీ వెతుక్కుంటాడు. బర్క్‌లీ పిల్లల కథ ఇక్కడ మన కథ అవుతుంది.

నాదే చెబుతాను. నేను బరంపురంలో పుట్టి పెరిగాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి. బి.కాం. మొదటి సంవత్సరం గదిలో తలుపు వేసుకొని చదివాను. అకౌంటెన్సీలో 28 మార్కులు వచ్చాయి. రెండో ఏడు మేం నలుగురం, ఇద్దరు తెలుగువాళ్ళం, ఇద్దరు ఒడియావాళ్ళు, రాత్రిపూట గుడి మండపంలో లైటు క్రింద కూర్చొనేవాళ్ళం. ట్రయల్ బ్యాలెన్సు నలుగురికీ నాలుగు రకాలుగా వచ్చేది. ఎవరిది ఎక్కడ తప్పిందో వెతకటంలోనే నాకు అకౌంటెన్సీ వచ్చింది.

బ్యాంకులోనూ అంతే. కంప్యూటర్లు రాక ముందు సాయంత్రం పుస్తకాలు టాలీ కాకపోతే ఇంటికి వెళ్ళే పని లేదు. తేడా 900 ఉందనుకోండి. తొమ్మిదితో భాగిస్తే పోతుంది కనుక అంకెలు తారుమారైనట్టు అనుమానించాలి. 5,400కు బదులు 4,500 వ్రాసి ఉంటాం. నా తప్పు నేను గంటసేపు వెతికినా దొరికేది కాదు. పక్క కౌంటరు ఆయన వచ్చి రెండు నిమిషాల్లో వేలు పెట్టి చూపించేవారు. తన తప్పు తన కంటికి ఆనదు. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

మన దేశంలో ఉన్న ఏర్పాట్లు

మన దేశంలోనూ కొన్ని ఏర్పాట్లున్నాయి. ఐ.ఐ.టి.లలో ఎస్.సి., ఎస్.టి., దివ్యాంగ విద్యార్థులలో కొద్దిలో సీటు తప్పినవారికి ఒక సంవత్సరం ప్రిపరేటరీ కోర్సు ఉంది. అది పూర్తిచేసి ఉత్తీర్ణులైతే మరుసటి ఏడు నేరుగా బి.టెక్.లో చేరవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలలో కనీసం 5 శాతం సీట్లు వారికి కేటాయించాలి, వయఃపరిమితిలో ఐదేళ్ళ సడలింపు ఇవ్వాలి. వివక్ష ఎదురైతే ఫిర్యాదు తీసుకోవటానికి ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం, ఒక అధికారి ఉండాలని యు.జి.సి. 2012లో నిబంధనలు చేసింది. ఆ నిబంధనల మార్పులపై తరువాత వాదాలు నడిచాయి కనుక, మీ కళాశాలలో ఇప్పుడు ఆ బాధ్యత ఎవరిదో చేరిన వారంలోనే ఆఫీసులో అడిగి వ్రాసిపెట్టుకోండి. మీకు అవసరం పడకపోయినా పక్కవాడికి పడవచ్చు.

విద్యార్థులకు నాలుగు మాటలు

1. ముందు ఒంటరిగా చేయండి, తరువాత నలుగురితో సరిచూసుకోండి. మొదటిది మానేసి రెండోది చేస్తే అది కాపీ అవుతుంది.

2. నలుగురూ మన భాషవాళ్ళే కానక్కరలేదు. ఒకరికి లెక్కలు, ఒకరికి ఇంగ్లీషు, ఒకరికి డ్రాయింగు వస్తే జట్టుకు బలం.

3. అధ్యాపకుణ్ణి అడగటానికి వెళ్ళినప్పుడు "అర్థం కాలేదు సార్" అని ఊరుకోకండి. ఎంతవరకు చేశారో కాగితం మీద చూపించి, ఇక్కడ ఆగిపోయాను అనండి. అలా అడిగినవాణ్ణి గుర్తుపెట్టుకొని చెప్పే అధ్యాపకులు ప్రతి కళాశాలలోనూ ఉంటారు.

4. ఒక పేపరు పోతే మాకు చెప్పండి. దాచకండి.

తల్లిదండ్రులకు ఒకటే మనవి. పిల్లవాడు స్నేహితులతో కూర్చున్నాడంటే చెడిపోతున్నాడని అనుకోకండి. ముందు వెళ్ళి చూడండి. పుస్తకం మధ్యలో ఉంటే టీ పెట్టించండి. ఆడపిల్లలు సాయంత్రం బయట కూర్చోవటానికి అభ్యంతరమైతే, ఆ నలుగురినీ మీ ఇంటికే రమ్మనండి. ఒంటరితనం వాళ్ళకు ఇంకా ఎక్కువ.

ఇక ఆ అబ్బాయి సంగతి. లెక్చరర్‌గారూ నేనూ వెళ్ళి కలిశాం. తరగతిలో అరవై మంది ఉన్నా ఎవరి ఫోను నంబరూ అతని దగ్గర లేదు. రోజూ బస్సులో రెండు గంటలు ప్రయాణం, ఇంటికి వచ్చాక ఒంటరి చదువు. తప్పినది నేనొక్కణ్ణే అనుకున్నాడట. అదే సెక్షనులో ఇంకా చాలామంది తప్పారని మేం చెబితేగాని అతనికి తెలియదు. కళాశాలలో లెక్కల మేడంగారిని కలిస్తే, ఆవిడ సాయంత్రం బస్సు వేళ దాకా ఒక ఖాళీ గది ఇప్పించారు. అతనూ, మరో ముగ్గురూ అక్కడ కూర్చుంటున్నారు. రెండు పేపర్లలో ఒకటి గట్టెక్కింది. రెండోది ఇంకా ఉంది. దాని ఫలితం ఏమవుతుందో ముందే చెప్పటం నా పద్ధతి కాదు.

కమిటీ నియమాన్ని ఎత్తివేయలేదు. కాని అతనికి ఒక సంవత్సరం గడువు ఇచ్చింది. ఈ ఏడు నుండి రెన్యువల్ దరఖాస్తులో ఒక కొత్త గడి కూడా చేర్చాం: "మీరు ఎవరితో కలిసి చదువుతున్నారు?" దయచేసి ఆ గడి ఖాళీగా వదలకండి. ఖాళీగా ఉంటే మేమే మీ ఇంటికి వస్తాం.