లెక్క తప్పిన మహాశక్తులు

దుండిగల్ పరిసరములలో నివసించువారికి విమానముల చప్పుడు క్రొత్త కాదు. 1971 నుండి అచ్చట నడచుచున్న వైమానికదళ అకాడమీలో శిక్షణ పొందు యువతీయువకులు ఆ ఆకాశముననే ఎగురుట నేర్చుకొనుచున్నారు. అట్టి ఆకాశము క్రింద పెరుగు పిల్లవాడు సినిమాహాలులో ఎగురు వీరుని చూచి వచ్చినపుడు, వాని నోట ఒక ప్రశ్న వచ్చుట సహజము: "ముందుగాల ఎగిరిండు గదా, ఇప్పుడు మెట్లెక్కుకుంట ఎందుకు ఉరుకుతుండు?" పెద్దలు సాధారణముగా "సినిమాయే గదా, ఊరకుండు" అని కసరుదురు. మాకు మాత్రము ఆ ప్రశ్న మిక్కిలి గౌరవింపదగినదిగా తోచుచున్నది. అట్లు తోచుటకు కారణము పెద్దది కలదు. దానిని క్రమముగా చెప్పుదుము.

విమానమునే తీసికొందము. ప్రతి విమానమునకును ఒక కొలతల పుస్తకముండును. ఎంత ఇంధనమునకు ఎంత దూరము, ఎంత బరువుతో ఎంత ఎత్తు, ఏ వేగమునకు తగ్గినచో రెక్కలు గాలిని పట్టలేక విమానము జారిపోవును — ఇవన్నియు అందు వ్రాసియుండును. 2013 నుండి మన వైమానికదళము ప్రాథమిక శిక్షణకు వాడుచున్న పిలాటస్ విమానమైనను అంతే. దాని శక్తి నిన్న ఒక తీరుగను, నేడు ఒక తీరుగను ఉండదు. అట్లుండినచో అందులో కాలుపెట్టువా రెవరు? కథలోనికి ఎక్కి కూర్చుండు ప్రేక్షకుడును అట్టివాడే. వీరుడు కొండనెత్తిన నెత్తుగాక, సముద్రము దాటిన దాటుగాక. ఎంతవరకు ఎత్తగలడో, ఎచ్చట ఆగిపోవునో వానికి తెలియవలెను. తెలియనినాడు ఆ వీరునికి ఆపద వచ్చినను మన గుండె కొట్టుకొనదు.

పాశ్చాత్యదేశపు మహావీరులలో పెద్దవాడగు సూపర్‌మాన్ చరిత్రము ఈ విషయమున మంచి పాఠము. 1938లో బొమ్మల కథగా పుట్టినపుడు ఆతడు ఎగురలేదు; దుముకెడివాడు. ఒక దుముకునకు మైలులో ఎనిమిదవ వంతు, అనగా మన లెక్కలో సుమారు 200 మీటర్లు. 1940లో ఆ కథ అమెరికా రేడియోలో ధారావాహికముగా మొదలైనది. రేడియోలో బొమ్మ లేదు గదా. వీరుడు పైకి లేచినాడని శ్రోతకు తెలియుటకు గాలి హోరును, ఒక కేకను ఏర్పరచినారు. 1941లో కదలు బొమ్మల చిత్రము తీసినవారికి ఆ దుముకులు మిడుతగంతులవలె వికారముగా కనబడినవట. ఎగురుటయే వారికి అందముగా తోచినది. ఈ విధముగా గంతు క్రమక్రమముగా గగనయానమైనది. ఇక శక్తి పెరిగిపోవుచుండ వీరునికి శత్రువు దొరకుట కష్టమైనది. అపుడు, 1943లో, ఆతని బలమును హరించు క్రిప్టోనైట్ అను రాయి మొట్టమొదట వినబడినది రేడియో కథలోనే. బొమ్మల పుస్తకమున కది చేరుటకు 1949 వరకు పట్టినది. ఎగురు శక్తికి హోరును, దానిని కట్టివేయు హద్దును కూడ శ్రోతల చెవినిబెట్టినది రేడియోయే యగుట మన పత్రిక పాఠకులకు సంతోషము కలిగింపక మానదు.

వెండితెరపై ఆ పొదుపు నిలువలేదు. 1978 నాటి చిత్రమున నాయిక భూకంపములో మరణింపగా, వీరుడు భూమి చుట్టును మహావేగముతో ఎగిరి కాలమునే వెనుకకు త్రిప్పి ఆమెను బ్రదికించుకొనును. చూచునపుడు కన్నుల పండువే. కాని ఇంటికి వచ్చిన వెంటనే పిల్లవాడు అడుగును: కాలమునే త్రిప్పగలవానికి ఇక భయమేమి? తరువాతి కష్టములలో మరల ఏల త్రిప్పడు? 1980 నాటి రెండవ చిత్రమున ఆతడు రొమ్ముమీది గుర్తును ఊడదీసి వలవలె శత్రువుపై విసరును. ముద్దుతో నాయిక జ్ఞాపకములను తుడిచివేయును. ఈ విద్యలు మొదటి చిత్రమున ఆతనికి ఉన్నట్టు ఎవరును వినలేదు. అవసరము వచ్చినపుడు జేబులోనుండి తీసి, తీరగానే పారవేయు శక్తి శక్తి కాదు. అది రచయిత చేతి సౌకర్యము.

ఇట్లేల జరుగును? రచయితల అలసత్వమే కారణమనుట న్యాయము కాదు. చలనచిత్రము కథాక్రమమున తీయబడదు. చివరి యుద్ధము మొదట తీయవచ్చును, మొదటి పలుకరింపు చివర తీయవచ్చును. గాయము కుడిచెంపపై ఉన్నదా ఎడమచెంపపై ఉన్నదా, చొక్కా గుండీ పెట్టినదా విప్పినదా అని సహాయదర్శకులు నోటుపుస్తకమున వ్రాసికొనుచుందురు. కంటిన్యూటీ అని వారు పిలుచునది దీనినే. 2017లో వచ్చిన జస్టిస్ లీగ్ చిత్రమునకు కొన్ని దృశ్యములు మరల తీయవలసి వచ్చినపుడు సూపర్‌మాన్ వేషధారి వేరొక చిత్రమునకై మీసము పెంచియుండెను. గొరుగుటకు వీలులేక, ఆ మీసమును కంప్యూటరుతో చెరిపినారు; పైపెదవి వింతగా మారి లోకమంతయు నవ్వినది. మీసము ఇంత కష్టమైనచో శక్తుల లెక్క ఎంత కష్టము! అందును ఒకే వీరుని కథ పది చిత్రములుగా, పది మంది రచయితల చేతులలో పడినపుడు చెప్పనక్కరలేదు. వుల్వరిన్ అను వీరుని లోహపు గోళ్లు 2013 చిత్రములో తెగిపోయి ఎముక గోళ్లు మిగులును; 2014 చిత్రమున లోహపు గోళ్లే మరల ప్రత్యక్షము, ఎట్లు వచ్చినవో చెప్పినవారు లేరు. 2017 నాటి స్పైడర్‌మాన్ చిత్రము 2012 చిత్రమున జరిగిన న్యూయార్కు యుద్ధమునకు వెంటనే తరువాతి దృశ్యముతో మొదలై, "ఎనిమిదేండ్ల తరువాత" అని అక్షరములు చూపినది. కాని ఆ కుర్రవాడు 2016 చిత్రముననే వచ్చియున్నాడు. ఈ కథ దానికి వెనువెంటనే జరుగునది. చేతివ్రేళ్లతో లెక్కపెట్టగల పిల్లవాడు నాలుగేండ్లు ఎక్కువైనవని చెప్పగలడు.

ఇక మన యింటికి వత్తము. మహాబలుల శక్తులకు కొలతల పట్టిక మొదట వ్రాసినది అమెరికావారని యెవరైన ననుకొన్నచో, వారు కిష్కింధాకాండ చదువలేదన్నమాట. సీతజాడ తెలిసినది, లంక నూరు యోజనముల దూరమున నున్నది, వానరు లందరు సముద్రతీరమున చతికిలబడినారు. అంగదుడు ఒక్కొక్కరిని అడుగుచున్నాడు, ఎవ రెంత దూరము దుముకగలరని. గజుడు పది యోజనము లన్నాడు, గవాక్షు డిరువది యన్నాడు. అట్లే పెరుగుచు మైందుడు అరువది, ద్వివిదుడు డెబ్బది, సుషేణుడు ఎనుబది. జాంబవంతుడు, వయస్సులో నున్ననాడు త్రివిక్రమునకు ప్రదక్షిణము చేసినవాడనని జ్ఞప్తికి తెచ్చుకొని, ముదిమిచే ఇప్పుడు తొంబది మాత్రమే యన్నాడు. అంగదుడు నూరు దాటగలను, తిరిగి రాగలనో లేదో సందేహమన్నాడు. ఎంత అందమైన సభ! అందరును తమ శక్తి నుండి తగ్గించి చెప్పలేదు, పెంచి చెప్పలేదు. నూరు యోజనములు అను మాట యొక్క బరువు అప్పటికి మనకు తెలిసినది. కాబట్టియే, ఒక మూల మౌనముగా కూర్చున్న హనుమంతుడు లేచినపుడు మన ఒడలు పులకరించును. ఆ పట్టికయే లేనిచో ఆ దుముకు వట్టి దుముకు.

ఇక్కడనే పిల్లవాడు చేయెత్తును. ఇంత బలవంతుడు వాలి సుగ్రీవుని తరిమినపుడు ఏమి చేయుచున్నాడు? ఒక్క దెబ్బతో వాలిని పడగొట్టి యుండరాదా? పెద్దలు కసరుటకు ముందు ఒక్క సంగతి గమనింతురుగాక: ఉత్తరకాండలో ఈ ప్రశ్ననే శ్రీరాముడు అగస్త్యుని అడిగినాడు. అగస్త్యుడు "కథయే గదా" అనలేదు. బాల్యమున హనుమంతుడు ఆశ్రమములలో అల్లరి చేయగా, ఋషులు ఇతరులు జ్ఞప్తిచేయువరకు నీ బలము నీకు తెలియకుండుగాక యని శపించిరని జవాబు చెప్పినాడు. సముద్రతీరమున జాంబవంతుడు పొగడినది ఊరకపొగడ్త కాదని అప్పుడు మనకు తెలియును. ముందు జరిగినది వెనుక జరిగిన దానితో ముడిపడినది. కంటిన్యూటీ యనగా ఇదియే.

లంకలోను లెక్క తప్పలేదు. ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రముతో హనుమంతుని కట్టును. తెలియని రాక్షసులు పైనుండి నారత్రాళ్లతో బిగింతురు. వేరు బంధమును సహింపని ఆ అస్త్రము తొలగిపోవును. ఇంద్రజిత్తునకు ఆ నియమము తెలియును గనుక చింతించినాడు. హనుమంతునకును తెలియును, ఐనను రావణుని చూడవలెనని కదలక ఊరకున్నాడు. ఓషధులకై పంపినపుడు ఆతనికి కొదువయైనది బలము కాదు, గుర్తించు జ్ఞానము. అందుచే కొండనే పెకలించి తెచ్చినాడు. వీపుపై నెక్కించుకొని పోయెదనన్నపుడు సీత ఒప్పుకొనలేదు. రాముడే వచ్చి తీసికొనిపోవుట న్యాయమన్నది. చేయగలిగియు చేయరాని పని యొకటి యుండవచ్చునని, అదియు ఒక హద్దేనని వాల్మీకి ఎంత తేలికగా చెప్పినాడు!

మన చలనచిత్రములలో ఈ మర్యాద కొంతకాలము బాగుగనే నిలిచినది. 1951 నాటి పాతాళభైరవిలో శక్తియంతయు ఒక ప్రతిమలో నున్నది. ఎవరి చేతనున్న వారి కది వశము. ఒకే నియమము. తోట రాముడు మేడ కట్టించుకొనినను, నేపాళ మాంత్రికుడు ఆ మేడనే ఎత్తుకొనిపోయినను ఆ నియమమే కారణము. 1957 నాటి మాయాబజారు మరింత నేర్పరి. ఆ శశిరేఖ కథ వ్యాసభారతములో లేనేలేదు. కాని మూలమునకు విధేయత వేరు, తన మాటకు తాను కట్టుబడుట వేరు. ఎక్కినవానిచేత నిజము పలికించు సత్యపీఠము కథలో ముందే పరిచయమగును. చివర శకుని దానిపై నిలిచి తన కపటమును తానే వెళ్లగ్రక్కినపుడు ప్రేక్షకుడు "మాకు ముందే తెలుసు" అని తొడ చరచుకొనును. రెండు చిత్రములకును దర్శకుడు కె.వి. రెడ్డి. ముందు దాచి పెట్టినది వెనుక ఖర్చు పెట్టుట ఆయనకు తెలిసినంత ఇతరులకు తెలియదని మా అభిప్రాయము. 1990 నాటి జగదేకవీరుడు అతిలోకసుందరిలో ఇంద్రజ ఉంగరమును అట్టిదే: అది లేనిదే స్వర్గమునకు దారి లేదు, కథయంతయు ఆ ఒక్క వాక్యమునుండి పుట్టినది.

2012లో ఎస్.ఎస్. రాజమౌళి తీసిన ఈగ ఇంకొక మెట్టు ఎక్కినది. మరణించిన యువకుడు ఈగయై పుట్టును. పగ, జ్ఞాపకము మనుష్యునివి. దేహము మాత్రము ఈగదే. మాటాడలేదు, బరువెత్తలేదు. సూక్ష్మకళాకారిణియగు నాయిక చిన్న చిన్న పరికరములు చేసి యిచ్చినను అది ఈగగనే పోరాడును. అందుకే ఆ చిన్ని ప్రాణికై హాలంతయు ఊపిరి బిగబట్టినది. 1980లో నందమూరి తారకరామారావు ఆంజనేయుని వరముతో మహాబలుడైన సూపర్‌మాన్ అను తెలుగు చిత్రమును చూచినవారికి ఈ భేదము స్ఫుటముగా తెలియును. ఆ వరమునకు హద్దు ఎక్కడనో వెదకుకొనవలసినదే. 2024 జనవరి 12న వచ్చిన ప్రశాంత్ వర్మ చిత్రము హను-మాన్‌లో ఆ హద్దు మరల దొరకినది. అంజనాద్రి కుర్రవాడు హనుమంతునికి లభించిన మణి సూర్యకాంతి సోకినపుడే శక్తినిచ్చును. ప్రొద్దు క్రుంకిన పిదప ఆతడు మామూలు పల్లెటూరి పిల్లవాడు. ఆ ఒక్క నియమముచే సాయంకాలమనగనే ప్రేక్షకునకు భయము పుట్టినది. కోట్ల ఖర్చుతో చేసిన కంప్యూటరు చిత్రములకంటె ఆ భయము విలువైనది.

శక్తి యుండి పోవుటయు కథకు తప్పు కాదు, కారణము చెప్పినచో. మౌసలపర్వమున, శ్రీకృష్ణ నిర్యాణానంతరము, అర్జునుడు ద్వారక స్త్రీలను తోడ్కొనిపోవుచుండగా దొంగలు అడ్డగింతురు. గాండీవము ఎక్కుపెట్టుటయే కష్టమగును. అస్త్రములు జ్ఞప్తికి రావు. అక్షయ తూణీరము వట్టిదగును. భారతయుద్ధము గెలిచినవాడు కర్రలు పట్టినవారి చేత ఓడిపోవును. దానిని పొరపాటని ఎవరైన ననగలరా? ఆ బలము ఎవరిదో ఇప్పుడు తెలిసినది. వ్యాసుడు లెక్క తప్పలేదు, లెక్క ముగించినాడు.

దుండిగల్ ఆకాశమున ఎగురువారికి వరములు లేవు. 2023 డిసెంబరు 4న అకాడమీనుండి శిక్షణకై లేచిన పిలాటస్ విమానము మెదకు జిల్లా తూప్రాను సమీపమున కూలి, నేర్పు గురువును, నేర్చుకొను శిష్యుడును మరణించిరి. కాలము వెనుకకు తిరుగలేదు. మరల అదే ఆకాశములోనికి ఇతర శిష్యులు లేచిరి; దానిని ధైర్యమందుము. తెరమీది వీరుడు ఏ క్షణమున ఏ క్రొత్త శక్తి కావలసిన అది పొందువాడైనచో, ఆతని ధైర్యమును ఈ పిల్లల ధైర్యము ప్రక్కన ఏ ముఖముతో నిలుపుదుము? మేము పిల్లవాని ప్రశ్నను గౌరవించుట కిదియే కారణము. వాడు చిత్రములోని తప్పును పట్టుచున్నానని యనుకొనుచున్నాడు. నిజమునకు, వీరుడు దేనిని పణముగా ఒడ్డుచున్నాడని అడుగుచున్నాడు.

హను-మాన్ చివర జై హనుమాన్ అను రెండవ భాగమును ప్రకటించిరి. మొదటి భాగమున మణియు, సూర్యకాంతియు హద్దులు. సాక్షాత్తు చిరంజీవియగు ఆంజనేయుడే కథానాయకుడై నిలిచినచో సూర్యాస్తమయము ఆతనిని ఏమి చేయగలదు? శత్రువు బలమును రెట్టింపు చేయుట సులభమైన ఉపాయము. మూడవ భాగమునకు మరల రెట్టింపు చేయవలసి వచ్చును. అశోకవనమున సీత చెప్పిన సమాధానము మాత్రము ఇంతవరకు ఏ వెండితెర మహావీరుని కథకును ఇరుసుగా నిలిచినట్లు మాకు కనబడలేదు. ఆ చిత్రమును పిల్లలతో కలిసి చూచువారు, శత్రువు ఎంత పెద్దవాడో కాక, హనుమంతుడు చేయగలిగియు చేయక మానినది ఏమైన నున్నదా యని చూతురుగాక.