పరీక్షలకొక పునీతుడు

మా ఇంట ఏ వస్తువు కనబడకపోయినా మొదటి నింద నామీద పడుతుంది. మొదటి పిలుపు పునీత అంతోనివారికి పోతుంది. మొన్నటి ఆదివారం పూజకు బయలుదేరే వేళ బీరువా తాళంచెవి మాయమైనది. "అంతోనివారూ, మీరే దిక్కు!" అని మా ఇంటావిడ చేతులు జోడించినది. పది నిమిషాలలో అది నా లాల్చీ జేబులోనే దొరికినది. పునీతుని కీర్తి పెరిగినది; నా కీర్తి ఎప్పటి చోటనే ఉన్నది.

1231లో పాదువా నగరం చెంత కన్నుమూసిన ఆ మహావక్తకు పోయిన వస్తువులు వెదకిపెట్టే ఉద్యోగం ఎట్లా వచ్చినదో చెప్పే కథ ఒకటి ఉన్నది. మఠం విడిచిపోతూ ఒక యువకుడు ఆయన కీర్తనల గ్రంథాన్ని ఎత్తుకొనిపోయినాడట. ఆయన ప్రార్థించగా ఆ యువకుని మనసు మారి, గ్రంథంతో సహా తిరిగివచ్చినాడట. బడి గ్రంథాలయానికి పుస్తకాలు తిరిగి ఇవ్వని విద్యార్థుల విషయంలో ఉపాధ్యాయ మిత్రులు ఈయనను ఆశ్రయించి చూడవచ్చు.

మా పొరుగింటి పెద్దాయన గండిమైసమ్మకు మొక్కేవారు. మా ఇంటి ప్రార్థనలు గోడ అవతలనుంచి విని నవ్వుతూ ఉంటారు. "సారూ, మీది స్వర్గం గాదు, సెక్రటేరియటు! ఒక్కో శాఖకు ఒక్కో మంత్రి. మాకు మైసమ్మతల్లి ఒక్కతే అన్ని ఫైళ్ళూ చూసుకుంటది" అంటారు. కాదనలేను. పత్రికా రచయితల శాఖను 1923లో ఫ్రాన్సిస్ దె సాల్స్‌కు అప్పగించినారు. తంతి, టెలిఫోను, రేడియో శాఖలు 1951లో గాబ్రియేలు దూతకు దక్కినవి. 1958 నాటికి టెలివిజను అస్సీసి క్లారమ్మ వంతైనది. ఆమె జబ్బుతో మంచం పట్టిన ఒక క్రిస్మస్ రాత్రి, దూరాన గుడిలో జరిగే పూజ తన గదిలోనే కళ్ళకు కట్టినదని చెబుతారు. మన ఇండ్లలో టెలివిజను ముందు కూర్చునేవారు చూసేది మాత్రం పూజ కాదు.

ఈ మంత్రివర్గంలో మా కుత్బుల్లాపూరు ప్రాంతానికి అన్నివిధాలా తగినవాడు ఒకడున్నాడు. ఇక్కడ తెల్లవారితే రెండు ధ్వనులు వినవస్తాయి. ఒకటి దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీ శిక్షణ విమానాలది. దానికి 1967లో రాష్ట్రపతి జాకీర్ హుసేన్ శంకుస్థాపన చేయగా, 1971లో పని ప్రారంభమైనది. రెండవది సందుసందుకూ వచ్చి పిల్లలను ఎక్కించుకొనే కళాశాల బస్సుల హారను. పైన ఎగరడం నేర్చేవారు, క్రింద పరీక్షలకు కూర్చునేవారు. ఈ ఇరువురికీ పునీతుడు ఒక్కడే. ఆయన కుపెర్తీనో జోజప్ప.

వైమానికులకు 1920లో పోపుగారు అధికారికంగా నియమించినది లొరేతో మాతను. అయినా వారు జోజప్పనూ విడువలేదు. ఆయన విమానం లేకుండానే ఎగిరినవాడు మరి!

1603లో దక్షిణ ఇటలీలో, అప్పులపాలైన ఒక వడ్రంగి కుటుంబంలో, పశువుల కొట్టంలో ఆయన పుట్టినాడు. బడిలో నోరు తెరచుకొని శూన్యంలోకి చూస్తూ ఉండేవాడు. అందుచేత తోటిపిల్లలు "నోరుతెరుపుగాడు" అని పేరు పెట్టినారు. చెప్పులు కుట్టే పనిలో పెడితే అది అబ్బలేదు. ఒక మఠంలో చేరితే పళ్ళాలు పగులగొట్టి, నెలలలోనే వెనుకకు వచ్చినాడు. మరొక మఠంవారు జాలిపడి పశువుల కొట్టంలో పని ఇచ్చినారు.

అటువంటివాడు గురుపట్టానికి పరీక్ష ఇయ్యవలసి వచ్చినది. ఆయన వివరించగలిగినది సువార్తలో ఒకే ఒక్క వాక్యం. పరీక్షించే బిషప్పుగారు గ్రంథం తెరిచేసరికి సరిగా ఆ వాక్యమే ఎదురైనదట! తరువాతి పరీక్ష ఇంకా విచిత్రం. ముందు పిలిచిన కొద్దిమంది అద్భుతంగా జవాబులు చెప్పినారు. మిగిలినవారూ ఇట్లాంటివారే కాబోలునని, అడుగకుండానే అందరినీ ఉత్తీర్ణులను చేసినారు. ఆ విధంగా 1628లో జోజప్ప గురువైనాడు. పరీక్షలనాడు పిల్లలు ఆయనను తలచుకొనడంలో వింత ఏమున్నది?

ప్రార్థనలో ఆయన నేల విడిచి లేచేవాడని చూచినవారు సాక్ష్యమిచ్చినారు. నమ్మడం, నమ్మకపోవడం పాఠకుల ఇష్టం. పెద్దలకు మాత్రం అది తలనొప్పి అయినది. మత విచారణసభ ముందు నిలబెట్టినారు. జనం మూగకుండా మఠంనుండి మఠానికి మార్చినారు. 1663లో ఓసిమోలో ఆయన మరణించినాడు. పునీత పట్టం వచ్చినది 1767లో. అనగా ఆ ఒక్క జవాబుపత్రం దిద్దడానికి 104 సంవత్సరాలు పట్టినది! దిద్దినవారిలో ఒకరు లాంబర్తీని. అభ్యర్థిలో లోపాలు వెదకే "సైతాను వకీలు" ఉద్యోగం ఆయనది. ఆయనే తరువాత పోపై, 1753లో జోజప్పను ధన్యుడుగా ప్రకటించినాడు. కఠినుడైన పరీక్షకుడు కూడా రెండవసారి చూడగలడని దీనివలన తెలుస్తున్నది.

ఇక్కడ నాకు ఒక వార్త జ్ఞాపకం వస్తుంది. 2019 ఏప్రిల్‌లో మన ఇంటర్మీడియటు ఫలితాలు వచ్చినప్పుడు ఒక బాలికకు తెలుగులో సున్న మార్కులు వేసినారు. సరిచూస్తే అవి 99! తప్పినవారి పత్రాలు తిరిగి చూడగా వెయ్యిమందికి పైగా గట్టెక్కినారు. నవ్వదగిన వింతే అది. కాని ఆ రెండవచూపు పడకముందే, ఆ కొద్దిరోజులలో, ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకొన్నారు. జోజప్పను అడుగకుండా గట్టెక్కించినదీ పరీక్షే. 99కి సున్న వేసినదీ పరీక్షే. ఆ కొలబద్దతో పిల్లవాని బ్రదుకును కొలువవచ్చునా?

1776లో కాలిఫోర్నియాలో ఒక సెలయేటికి స్పానిష్ యాత్రికులు జోజప్ప పేరు పెట్టినారు. ఆ ఏటివలన పేరు పొందిన కూపర్టీనో పట్టణంలోనే నేడు ఆపిల్ సంస్థ ఉన్నది. మన తెలుగు పిల్లలెందరో చేరగోరే ఆ ఊరికి చదువురాని బాలుని పేరు!

ఈ కథ ఒకనాడు పొరుగింటి పెద్దాయనకు చెబితే యథాప్రకారం నవ్వినారు. ఈ ఏడు ఫలితాలు వచ్చిన సాయంకాలం ఆయన మా గుమ్మంలో నిలబడినారు. ముఖాన నవ్వు లేదు. "సారూ, ఆ ఎగిరే సామి పటం మీ తాన ఉన్నదా? మనుమడు రెండిట్ల పోయిండు. పొద్దటినుంచి అన్నం ముట్టలేదు" అన్నారు.

పటం తరువాత చూద్దామని, ముందు ఆ పిల్లవానిని మా ఇంటికి భోజనానికి పిలుచుకొని వచ్చినాను. బడి, చెప్పులు, పళ్ళాలు అన్నీ వరుసగా చెప్పినాను. పళ్ళాలు పగిలే చోట వాడు నవ్వినాడు. రెండవసారి అన్నం పెట్టించుకొన్నాడు. సప్లిమెంటరీ పరీక్ష సంగతి ఆ రాత్రి ఎవరమూ ఎత్తలేదు.

తరువాత పటం కోసం ఇల్లంతా వెదకినాము. ఎక్కడా కనబడలేదు. ఈసారి అంతోనివారిని పిలిచినది మా పొరుగింటి పెద్దాయనే.