చెత్తకు రికార్డు, మాటకు కోర్టు

భూగోళం చుట్టూ లారీలు: 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచం పారేసిన ఫోన్లు, టీవీలు, ఫ్రిజ్‌లు, వైర్లు లాంటి కరెంటు సామాన్లు 6.2 కోట్ల టన్నులు. అంతకుముందు ఏ ఏడూ ఇంత పోగుపడలేదు. 40 టన్నుల లారీలకెత్తితే 15.5 లక్షల లారీలు నిండుతాయి, వరసగా ఆనించి నిలబెడితే భూమధ్యరేఖను చుట్టేస్తాయి. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ఇది. పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు తేలింది 22.3 శాతమే. మిగతాదాంట్లో కొంత ఢిల్లీ సీలంపూర్ సందుల్లో ఒట్టి చేతులతో విప్పేవాళ్ల దగ్గరికి చేరుతోంది.

గంటకు 200: ఆపిల్ 2018లో చూపించిన డైసీ రోబో గంటకు 200 ఐఫోన్లను విడగొడుతుంది. ఒక్కో డైసీ సామర్థ్యం ఏడాదికి 12 లక్షలు. మంచి యంత్రమే. కానీ ఆ కంపెనీ ఏటా అమ్మే ఐఫోన్లు 20 కోట్ల పైచిలుకు. రెండు అంకెలూ కలిపి చదవాలి.

ఛార్జర్ లేని పెట్టె: పర్యావరణం కోసమంటూ 2020లో ఐఫోన్ పెట్టెలోంచి ఛార్జర్ తీసేశారు. అందులో పెట్టిన కొత్త కేబుల్ మాత్రం అప్పట్లో చాలామంది ఇళ్లలో ఉన్న పాత ఛార్జర్‌కు పట్టలేదు! బ్రెజిల్ ప్రభుత్వం ఆ వాదనను ఒప్పుకోలేదు. 2022లో కోటీ 20 లక్షల రియాల్‌కు పైగా జరిమానా వేసింది.

2029 దాకానే అడవి: ఆపిల్ తన తొలి 'కార్బన్ న్యూట్రల్' వస్తువుగా 2023లో ఓ వాచీని ప్రకటించింది. తయారీలో మిగిలిపోయే కాలుష్యానికి బదులు పరాగ్వేలో యూకలిప్టస్ చెట్లు పెంచే పథకాన్ని చూపింది. జర్మనీలోని ఓ పర్యావరణ సంఘం కోర్టుకెక్కింది. తీరా చూస్తే ఆ తోటల నేలలో 75 శాతం కౌలుదే, కౌలు గడువు 2029తో సరి. తర్వాత చెట్లుంటాయన్న హామీ లేదు. కాలుష్యమేమో గాలిలో తరాల పాటు ఉంటుంది. అందుకే జర్మనీలో ఆ మాటతో వాచీని ప్రచారం చేయకూడదని 2025 ఆగస్టులో ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు తీర్పిచ్చింది. ఇలాంటి తీర్పు మన దగ్గరా రావాలి.

48 శాతం: 2007 నుంచీ కార్బన్ న్యూట్రల్ అని చెప్పుకున్న గూగుల్, 2019తో పోలిస్తే 2023 నాటికి తన ఉద్గారాలు ఇంత పెరిగాయని తన నివేదికలోనే రాసింది.

పాత ఫోన్ల పతకాలు: టోక్యో ఒలింపిక్స్, పారాలింపిక్స్‌కు సుమారు 5,000 పతకాలు జనం ఇచ్చిన పాత పరికరాల లోహంతోనే చేశారు. ఎంత సేకరించారో, ఎంత లోహం తీశారో రెండూ బయటపెట్టారు. ఏ ప్రకటననైనా నమ్మడానికి నాకు కావలసింది ఇలాంటి లెక్కే. 62.1 లక్షల ఫోన్లతో సహా 78,985 టన్నుల పరికరాల నుంచి వచ్చిన బంగారం 32 కిలోలు.