బెల్లపు పొయ్యికి గాలి అమరిక



అచ్యుతాపురం, అనకాపల్లి ప్రాంతములలో బెల్లము వండు రైతుకు చెరకు పిప్పియే వంటచెరకు. గానుగాడిన చెరకు పిప్పి ఆ రసమును మరిగించుటకు చాలినచో కట్టెలు కొననక్కరలేదు. మంట మందగించి రసము ఆలస్యముగా మరిగినచో బెల్లము రంగు తగ్గి, మెత్తబడును. అట్టి సరుకుకు అనకాపల్లి మార్కెట్టులో మంచి ధర రాదు. మంట తగ్గగానే మరికొంత పిప్పి కుక్కుట చాలామందికి అలవాటు. కాని లోపము తరచుగా పిప్పిలో కాక గాలిలో ఉండును.

1 కిలో పొడి పిప్పి పూర్తిగా మండుటకు సుమారు 6 కిలోల గాలి కావలెను. పిప్పిలోని కర్బనము 1 కిలో పూర్తిగా మండినచో సుమారు 8,000 కిలో కేలరీల వేడి వచ్చును. గాలి చాలక అది కార్బన్ మోనాక్సైడుగా మారిపోయినచో సుమారు 2,400 మాత్రమే వచ్చును. గాలి మితిమీరినను నష్టమే. ఎక్కువైన చల్లగాలి పొయ్యిలో కాగి, పెనమునకు అందవలసిన వేడిని పొగగొట్టము గుండా తీసికొనిపోవును.

బొగ్గుకు గాలి ముఖ్యముగా అడుగునుండి అందవలెను. పిప్పి అట్లు కాదు. వేడి తగులగానే దానిలో ఎక్కువ భాగము ఆవిరులుగా లేచి పైన మండును. కావున పొయ్యి అడుగున ఇనుప ఊచల క్రిందనుండియు, మంట పైభాగమునకును గాలి అందవలెను.

పొగను చూచి తెలిసికొనుట

1. నల్లని దట్టమైన పొగ: గాలి చాలలేదు, లేదా పిప్పి ఒక్కసారిగా ఎక్కువ వేసినారు.
2. తెల్లని పొగ: పిప్పి తడిగా ఉన్నది. బాగుగా ఎండినదే వాడవలెను.
3. పొగ లేక మంట హోరుమని మ్రోగుచు, రసము మాత్రము మెల్లగా మరుగుట: గాలి ఎక్కువైనది.
4. పొయ్యి మూతినుండి పొగ వెనుకకు తన్నుట: గొట్టములో మసి పేరుకొన్నది, గోడ పగిలినది, లేక గొట్టపు పలక ఎక్కువగా మూసియున్నది.

సరిచేయు పద్ధతి

ముందుగా బూడిద తీసి, ఊచల సందులు శుభ్రము చేయవలెను. గోడల పగుళ్లను మట్టితో పూడ్చవలెను. పిప్పిని కొద్దికొద్దిగా, తరచుగా వేయవలెను. మంట నిలకడైన తరువాత గొట్టపు పలకను కొంచెము కొంచెముగా మూయుచు, ప్రతిసారి కొన్ని నిమిషములు ఆగి చూడవలెను. పొగ నల్లబడుట మొదలిడగానే పలకను కొంచెము తెరచి అక్కడ నిలుపవలెను. పలుచని పొగ, ప్రకాశవంతమైన పసుపు మంట సరియైన గుర్తులు.

పాకము ముదురునప్పుడు పిప్పి వేయుట తగ్గించి మంట తగ్గించవలెను. సుమారు 118 నుండి 120 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద పాకము దింపుదురు. మంట తగ్గించుటకై పొయ్యినిండ పిప్పి కుక్కి గాలి మూయరాదు. లోపల వాయువులు నిండి, మూత తెరచినంతనే మంట మనిషి మీదికి దూకవచ్చును. మూతను ప్రక్కన నిలబడి మెల్లగా తీయవలెను.

ఇంటిలోని బొగ్గుల కుంపటికిని ఇదే సూత్రము. రాజుకొను వరకు క్రింది నోరు తెరచి, తరువాత అవసరము మేరకు మూయవలెను. తలుపులు మూసిన గదిలో కుంపటి ఉంచి నిద్రించుట ప్రాణాపాయము. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు.

క్రొత్త పొయ్యి కట్టించువారు, 1913లో ఏర్పడిన అనకాపల్లి పరిశోధనా కేంద్రమును ముందుగా సంప్రదించుట మేలు. పాత పొయ్యి గలవారు ప్రతి పెనమునకు పట్టిన కాలమును, మిగిలిన పిప్పిని వ్రాసియుంచవలెను. పలక మార్చక ముందు, మార్చిన తరువాత గల లెక్కలను పోల్చినచో లాభము మీకే తెలియును.